నడుము పట్టేసినవాళ్ల గదిలో

గుంటూరు మిర్చి యార్డులో సీజను ఊపందుకుందంటే ఊళ్లో రెండు చోట్ల రద్దీ పెరుగుతుంది. యార్డు చుట్టూ లారీలు బారులు తీరే రోడ్డు ఒకటి, నడుము నొప్పికి చూసే డాక్టర్ల ఓపీ రెండోది. ఈ మాట నాతో అన్నది ఊళ్లో చాలాకాలంగా వెన్నెముక ఆపరేషన్లు చేస్తున్న ఒక డాక్టరు. "నా గదిలో చూసేదేం లేదు. కింద ఫిజియో గదికి వెళ్లండి, అసలు వైద్యం అక్కడుంది" అని కూడా ఆయనే చెప్పారు. కత్తి పట్టే మనిషి కత్తి అవసరం లేని గదికి దారి చూపిస్తుంటే వెళ్లకుండా ఎలా ఉంటాం? ఫిబ్రవరిలో ఒక పొద్దున్నే ఆ ఆసుపత్రి మెట్లెక్కాను.

ఓపీ కౌంటరు వెనక, మందుల షాపు పక్కన పొడవాటి గది అది. వరసగా ఆకుపచ్చ రెక్సిన్ బల్లలు, మధ్యలో తెరలు. ఒక మూల పట్టుకుని నడవడానికి ఇనప కమ్మీలు, ఇంకో మూల నడుము లాగే ట్రాక్షన్ బల్ల. గోడకి నిలువుటద్దం, దాని కింద చిన్నా పెద్దా ఇసుక సంచులు. బయట బెంచీలు ఖాళీగా ఉన్నా జనం గోడకి ఆనుకుని, ఒక కాలి మీద బరువంతా వేసి నిలబడి ఉన్నారు. డిస్క్ నొప్పి వచ్చినవాళ్లకి కూర్చోవడమే పెద్ద శిక్ష. ప్రతి ఒక్కరి చేతిలోనూ స్కాన్ సెంటరు వాళ్లిచ్చిన పెద్ద కవరు. ఇద్దరు కలిస్తే ఊరు అడగడం లేదు, "మీకు ఎన్నో పూస?" అని అడుగుతున్నారు.

ఆ గది నడిపేది ముప్పై అయిదేళ్ల ఫిజియోథెరపిస్టు. అందరూ డాక్టరమ్మా అంటారు. వచ్చినవాళ్లని ఆమె వరసలు కలిపి పిలుస్తుంది. కవరు అందిస్తే తీసుకుని పక్కన పెడుతుంది. ముందు మనిషిని నడిపించి చూస్తుంది, తర్వాతే ఫిల్ము.

మొదట లోపలికి వచ్చింది యార్డు హమాలీ. వయసు నలభై దాటి ఉంటుంది. ఆయన బల్ల దగ్గరికి రాగానే తెర అవతల ఎవరో తుమ్మారు. ఎన్నిసార్లు ఉతికినా హమాలీ చొక్కాలోంచి మిరప ఘాటు పోదు. మెడ కింద, రెండు భుజాల మధ్య చర్మం కాయ కాచి నల్లగా మెరుస్తోంది. టిక్కీ ఆనే చోటు అది. మిర్చి బస్తాని గుంటూరులో టిక్కీ అంటారు. ఒక్కోటి 40 కిలోల పైచిలుకు తూగుతుంది.

"ఎట్లా వచ్చింది బాబాయ్? బస్తా ఎత్తేటప్పుడా?"

"బస్తా కాదమ్మా, తుమ్మాను. అంతే. నడుం కాడ టక్కుమంది. తెల్లారేసరికి కాల్లోకి దిగింది. పిర్ర కాణ్ణించి పిక్క మీదుగా బొటనేలి దాకా జివ్వున లాగుద్ది."

తెర అవతల నవ్వులు వినిపించాయి కానీ ఆమె నవ్వలేదు. దగ్గు, తుమ్ము, మలబద్ధకంతో ముక్కడం, ఇవన్నీ పొట్టలోనూ వెన్నులోనూ ఒత్తిడిని ఒక్కసారిగా పెంచేస్తాయి. అప్పటికే బీటలు వారిన డిస్క్‌కి ఆ కాస్త చాలు. "తుమ్ము ఆఖరి దెబ్బ మాత్రమే. దాని వెనక ఇరవై ఏళ్ల బస్తాలున్నాయి" అంది నావైపు తిరిగి. వెంటనే ఇంకో మాట చేర్చింది. ఇదే యార్డులో ఇంతకన్నా ఎక్కువ మోసి అరవై ఏళ్లు దాటినా నడుము మీద చెయ్యి పెట్టనివాళ్లు ఉన్నారట. బరువొక్కటే కారణం కాదు. ఫిన్లాండులో కవల సోదరుల వెన్నెముకలను 1990ల నుంచి పోల్చి చూసిన పరిశోధకులకు తేలింది కూడా ఇదే. ఒకరు జీవితమంతా బరువు పని, మరొకరు కూర్చునే పని చేసినా ఇద్దరి డిస్క్‌లూ చాలావరకు ఒకేలా అరిగాయి. పని కన్నా పుట్టుకతో వచ్చినదే ఎక్కువ పని చేస్తోందన్నమాట. పొగ తాగడం, ఒళ్లు పెరగడం దానికి తోడవుతాయి.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "ఒంటికి సరిగ్గా వెళ్తున్నారా బాబాయ్? రాకపోవడం, ఆపుకోలేకపోవడం ఏమన్నా ఉందా? కూర్చునే చోట, తొడల సందున మొద్దుబారినట్టు ఉందా?" లేదన్నాడాయన. ఆ రెండిట్లో దేనికి అవునన్నా మిగతా పరీక్షలన్నీ ఆపి మనిషిని నేరుగా పై అంతస్తుకి పంపేస్తుందట. వెన్నుపాము నడుము పై భాగంలోనే ముగుస్తుంది. అక్కణ్ణించి నరాలు గుర్రం తోకలా కిందికి జారతాయి. డిస్క్ ముక్క పెద్దదై ఆ నరాల కట్టనంతా నొక్కేస్తే మూత్రం, విరేచనం, కాళ్ల బలం శాశ్వతంగా పోవచ్చు. ఆ ప్రమాదం అరుదు, కానీ గంటల మీద ఉంటుంది. ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేసి నరాల మీద ఒత్తిడి తీసేయాలి. "మనవాళ్లు సిగ్గుపడి ఇది చెప్పరు. అందుకే ముందే అడిగేస్తాను" అంది.

హమాలీని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఎడమ కాలు మెల్లగా పైకెత్తింది. మంచానికీ కాలికీ మధ్య జానెడు ఎత్తు దాటిందో లేదో ఆయన మొహం చిట్లించి "అమ్మా" అన్నాడు. నొప్పి నడుములోనే ఆగకుండా మోకాలు దాటి కిందికి దిగింది. 1880లలో యూరప్ వైద్యులు రాసిపెట్టిన పరీక్ష ఇది, ఫ్రాన్సు డాక్టరు లసేగ్ పేరుతో చెలామణీ అవుతోంది. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా దాన్ని ఎవరూ పక్కన పెట్టలేదు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలు ఎత్తినప్పుడు నరం సాగుతుంది. వేరు దగ్గర వాచి ఉంటే అది ఓర్చుకోలేదు.

తర్వాత కాలి బొటనవేలు. "పైకి లేపండి బాబాయ్, నేను కిందికి నొక్కుతా, మీరు ఒప్పుకోకండి." కుడి బొటనవేలు గట్టిగా నిలబడింది. ఎడమది ఆమె చూపుడువేలికే లొంగిపోయింది. పాదం పైభాగాన దూదితో రాస్తే అక్కడ స్పర్శ మందంగా ఉంది. మడమ వెనక సుత్తితో కొడితే పాదం మామూలుగానే ఎగిరింది. మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడగలిగాడు కూడా. ఆమె చీటీ మీద "ఎల్5" అని రాసింది. ఎమ్మారై కవరు ఇంకా విప్పనేలేదు. నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య ఉన్న డిస్క్ బయటికి వస్తే సాధారణంగా దొరికిపోయేది ఐదో నరం. బొటనవేలిని లేపేదీ, పాదం పైన స్పర్శ ఇచ్చేదీ అదే. ఇంకో మెట్టు కిందైతే మునివేళ్ల మీద నిలబడలేరు, పాదం బయటి అంచు తిమ్మిరెక్కుతుంది. నడుములో బయటికి వచ్చే డిస్క్‌లలో నూటికి 95 దాకా ఈ రెండు చోట్లే. ఫిల్ము తీసి దీపం మీద పెడితే ఆమె చీటీ రాసిన చోటే గుజ్జు వెనక్కి తోసుకుని ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకి చూపించడానికి కిటికీలో ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి వేలాడుతోంది. మెడలో 7 పూసలు, వీపులో 12, నడుములో 5, వాటి కింద అతుక్కుపోయిన 5, తోక ఎముక 4. మొత్తం 33 పూసలు, వాటి మధ్య 23 డిస్క్‌లు. డిస్క్ అంటే పూర్ణం బూరె అని ఆమె చెప్పే పాఠం. పైన పొరలు పొరలుగా గట్టి తోపు, లోపల మెత్తటి పూర్ణం. ముందువైపు నొక్కుతూ పోతే పూర్ణం వెనక్కి జరుగుతుంది, వెనక తోపు పలచబడిన చోట బయటికి వస్తుంది. ఆ తోపులో 15 నుంచి 25 దాకా పొరలుంటాయి. ఒక పొరలో పీచు ఒక వాలున ఉంటే పక్క పొరలో దానికి ఎదురు వాలున ఉంటుంది. అందుకే అది తిన్నగా పడే బరువుకి గట్టిగా నిలుస్తుంది, వంగి మెలి తిరిగినప్పుడు బలహీనపడుతుంది. పిల్లల్లో లోపలి గుజ్జులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. వయసుతో అది ఇంకిపోతుంది.

"డిస్క్ జారింది" అని అందరూ అంటాం కానీ అది ఎక్కడికీ జారదు. పైన కింద పూసలకి అతుక్కునే ఉంటుంది. గుజ్జు తోపుని ఉబ్బించడం ఒక దశ, చీల్చుకుని రావడం ఇంకో దశ, ముక్కగా తెగి పడిపోవడం ఆఖరిది. నొప్పికి కారణం నరం మీద ఒత్తిడి ఒక్కటే కూడా కాదు. బయటికి వచ్చిన గుజ్జు నుంచి వెలువడే రసాయనాలు నరం వేరుని వాచేలా చేస్తాయి. అందుకే ముక్క అలాగే ఉన్నా వాపు దిగగానే నొప్పి తగ్గడం కనిపిస్తుంది.

డిస్క్ గురించి నాకు బాగా పట్టిన సంగతి ఇంకొకటి. పెద్దవాళ్ల శరీరంలో రక్తనాళాలు లేని కణజాలాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. దానికి తిండి పూసల అంచుల్లోంచి ఊటగా రావాల్సిందే. బరువు పడితే నీరు బయటికి పోతుంది, పడుకుంటే మళ్లీ పీల్చుకుంటుంది. పొద్దున ఉన్నంత ఎత్తు సాయంత్రానికి ఉండం. ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గుతాం. ఈ రాకపోకలు సాగితేనే డిస్క్ బతుకుతుంది, అంటే మనిషి కదలాలి.

ఈ మాట ఒంటబట్టించుకోవడానికి వైద్యానికే చాలాకాలం పట్టింది. నడుము పట్టేస్తే నెల రోజులు చెక్కబల్ల మీద పడుకోమనేవాళ్లు. ఇప్పటికీ ఆ మాట పోలేదని నాకు అదే గదిలో తెలిసింది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒకావిడ పత్తి చేలల్లో కూలి పని చేస్తుంది. నొప్పి వచ్చాక ఊళ్లో ఆర్ఎంపీ సూది వేసి, మంచం దిగొద్దన్నాడట. నెల దాటింది. నడుముకి బెల్టు, అది నిద్రలో కూడా తియ్యలేదు. కొడుకు ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఫిజియో బెల్టు విప్పి చూస్తే నడుము రెండు పక్కలా కండ కరిగి జారిపోయి ఉంది.

"పిన్నీ, ఇప్పుడు నీకు డిస్క్ కన్నా ఈ నెల మంచమే ఎక్కువ చెడు చేసింది" అని ఆమెను లేపి కమ్మీల మధ్య నిలబెట్టింది. ఆవిడ భయపడుతూ నాలుగడుగులు వేసింది, ఇంకో నాలుగు వేసింది. "ఇరగదా అమ్మా?" అని అడిగింది. "ఇరిగేదైతే ఆటోలో గుంతలకే ఇరిగేది" అంది ఫిజియో. ఆవిడ కొడుకు నవ్వాడు, ఆవిడ కూడా నవ్వింది.

ఈ విషయం మీద గట్టి పరీక్ష ఒకటి నెదర్లాండ్స్‌లో జరిగి 1999లో అచ్చయింది. నడుము నుంచి కాల్లోకి దిగే నొప్పితో, అంటే సయాటికాతో, వచ్చిన 183 మందిలో సగం మందిని రెండు వారాలు మంచం మీద పడుకోబెట్టారు, మిగతావాళ్లని మామూలుగా తిరగనిచ్చారు. రెండు వారాలకి పడుకున్నవాళ్లలో 70 శాతం, తిరిగినవాళ్లలో 65 శాతం మెరుగన్నారు. పన్నెండు వారాలకి రెండు వర్గాల్లోనూ 87 శాతం. పడుకున్నందువల్ల వచ్చిన లాభం చెప్పుకోదగ్గది కాదు. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి భరించలేక ఒరిగితే తప్పు లేదు. ఆ తర్వాత ఇంట్లోనైనా తిరగాలి, ఓర్చుకోగలిగినంత దూరం నడవాలి.

మధ్యాహ్నం ముందు ఒక కుర్రాడు వచ్చాడు. హైదరాబాద్ కంపెనీ, ఇంట్లోంచే పని, మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. నొప్పి నడుములోనే, కాల్లోకి దిగడం లేదు. అయినా ముప్పై ఏళ్లకే జీవితం అయిపోయినట్టు మాట్లాడుతున్నాడు. రిపోర్టులో "డిస్క్ బల్జ్", "డీజనరేషన్" అని ఉన్నాయి. ఫిజియో ఆ రిపోర్టు మడిచి ఇచ్చేసి, "నడుము నొప్పి అసలు రానివాళ్లని పట్టుకొచ్చి తీసినా ఇలాంటివి కనిపిస్తాయి సార్" అంది. 1994లో అమెరికా పరిశోధకులు సరిగ్గా ఆ పనే చేశారు. ఏ నొప్పీ లేని 98 మందికి నడుము ఎమ్మారై తీస్తే 64 శాతం మందిలో ఏదో ఒక డిస్క్ తేడాగానే ఉంది, సగం మందికి పైగా డిస్క్ ఉబ్బి ఉంది. తల నెరవడం లాంటి మార్పులు కొన్ని లోపల కూడా జరుగుతాయి. ఆ ఫిల్ముకీ, మనిషి చెప్పే నొప్పికీ, కాలి బలానికీ పొత్తు కుదిరినప్పుడే దానికి విలువ. కాలు బలహీనపడటం, నొప్పి వారాల తరబడి తగ్గకపోవడం, జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం, ఇదివరకు క్యాన్సర్ ఉండటం లాంటివి లేనప్పుడు మొదటి రోజే ఎమ్మారైకి పరిగెత్తడం వల్ల ఒరిగేది ఎక్కువగా భయమే. కుర్రాడికి ఆమె రాసిచ్చిన వైద్యం: టేబులు, కుర్చీ కొనుక్కోవడం, అరగంటకోసారి లేవడం, రోజూ నడక.

ఆ గదిలో నేను ఎక్కువసేపు నిలబడి చూసింది మాత్రం హమాలీ బల్ల దగ్గరే. ఆయన్ని బోర్లా పడుకోమంది. కాసేపయ్యాక మోచేతుల మీద ఛాతీ ఎత్తమంది, నడుము వదిలేసి. తర్వాత అరచేతులు ఆనించి చేతులు చాపుతూ పై ఒళ్లంతా లేపడం, దించడం. పది సార్లు, విరామం, మళ్లీ పది. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "నొప్పి ఎక్కడుంది ఇప్పుడు?" మొదట పిక్కలో అన్నాడు. తర్వాత మోకాలి వెనక. ఇంకాసేపటికి, "కాలు వదిలిందమ్మా, కానీ నడుంలో ఎక్కువైంది" అని బెంగగా చెప్పాడు.

ఆమె మొహం విప్పారింది. "నాక్కావల్సింది అదే బాబాయ్!"

నడుము నొప్పి పెరిగితే సంతోషమేమిటని ఆయన నావైపు చూశాడు. నొప్పి కాలి చివర నుంచి వెనక్కి వెనక్కి వచ్చి నడుములో చేరితే నరం తేలికపడుతున్నట్టు లెక్క. అదే కిందికి దిగితే ఆ వ్యాయామం ఆపేయాలి. ఈ సంగతి బయటపడింది అనుకోకుండా. 1956లో న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలు నొప్పితో ఒకాయన వచ్చాడు. తల వైపు ఎత్తి ఉంచిన బల్ల మీద ఆయన బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిపోయిన భంగిమలోనే కాసేపు ఉండిపోయాడు. అలా పడుకోవడం నడుముకి చెడ్డదని అప్పట్లో అనుకునేవాళ్లు. మెకంజీ కంగారుగా వచ్చి చూస్తే ఆయన కాలు నొప్పి పోయిందన్నాడు. అక్కడ మొదలైన పద్ధతి ఇవాళ గుంటూరులో ఈ రెక్సిన్ బల్ల దాకా వచ్చింది. అందరికీ వెనక్కి వంగడం పడదు. వయసు మళ్లి వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లకి ముందుకు వంగితేనే హాయి. అందుకే ఫోన్లో వీడియో చూసి చేసేవాళ్లంటే ఆమెకు భయం. ఎటు వంగితే నొప్పి కాల్లోంచి వెనక్కి వస్తుందో పరీక్షించకుండా వ్యాయామం రాయదు.

మరి ఆ ట్రాక్షన్ బల్ల? "అడుగుతారు, పెడతాను. కొందరికి ఆ కాసేపూ సుఖంగా ఉంటుంది. దానివల్లే తగ్గిందని నేను చెప్పలేను" అంది నిజాయితీగా. వేడి కాపడం, కరెంటు పరికరాలు కూడా అంతే. నొప్పి కాస్త సర్దుకుని వ్యాయామం చేయగలిగితే వాటి పని అయిపోయినట్టే. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చేవాళ్లు కూడా ఉంటారట. విరిగిన ఎముకకి కట్టు కడితే కదలకుండా ఉంటుంది. డిస్క్‌కి కావల్సింది దానికి వ్యతిరేకం.

మధ్యాహ్నం పై అంతస్తులో ఆపరేషన్ల డాక్టరుగారిని కలిశాను. డిస్క్ ఆపరేషన్ చరిత్ర 1934లో మొదలైందని చెప్పారు. అమెరికాలో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ కలిసి ఆ ఏడాది ఒక వ్యాసం అచ్చేశారు. అంతవరకు వెన్నులో కణితులనుకుని తీసేస్తున్న ముక్కలు చాలావరకు కణితులు కావనీ, చిట్లిన డిస్క్ ముక్కలనీ, కాలు నొప్పికి అవే మూలమనీ నిరూపించారు. అక్కణ్ణించి దశాబ్దాలపాటు కోయడమే వైద్యమైంది. ఇప్పుడాయన చేసేది చిన్న గాటుతో, సూక్ష్మదర్శిని కింద, నరం మీదున్న ముక్క వరకు తీసేయడం.

"ఎంతమందికి చేయాల్సి వస్తుంది?"

"పది మందిలో ఒకరికి. మిగతావాళ్లకి ఆరు నుంచి పన్నెండు వారాల్లో వాళ్ల శరీరమే చేసుకుంటుంది."

అదెలా అంటే ఫిల్ములు తీసి చూపించారు. ఒకే మనిషివి, నెలల తేడాతో తీసినవి. మొదటిదాంట్లో నరాల దారిలోకి దిగిన నల్లటి ముద్ద రెండోదాంట్లో లేదు. ఎవరూ తియ్యలేదు. డిస్క్ లోపలి గుజ్జు పుట్టిందగ్గర్నుంచీ రక్తం ముఖం చూడదు. తోపు చీల్చుకుని బయటికి రాగానే శరీరం దాన్ని పరాయి వస్తువుగా పోల్చుకుని, చెత్తని మింగే కణాలను పంపి అరిగించేస్తుంది. ముక్క ఎంత పెద్దగా బయటపడితే అంత తొందరగా దాని కంట పడుతుంది. అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో ఒక విశ్లేషణ వచ్చింది. ముక్క పూర్తిగా తెగి పడినవాళ్లలో 96 శాతం మందికి అది తగ్గుముఖం పట్టగా, ఉబ్బు మాత్రమే ఉన్నవాళ్లలో ఆ వంతు 13 శాతమే. ఫిల్ములో భయంకరంగా కనిపించేదే తొందరగా కరుగుతుంది. ఈ సంగతి తెలిస్తే కింద బెంచీ దగ్గర నిలబడ్డవాళ్లు రాత్రి కాస్త నిద్రపోతారు.

అలాగని ఆపరేషన్ వద్దేవద్దని ఆయన అనరు. మూత్రం ఆగితే వెంటనే. కాలి బలం రోజురోజుకీ పడిపోతుంటే తొందరగా. ఆరు వారాలు దాటినా నొప్పి నిద్రపోనివ్వకపోతే మాట్లాడుకుని. నెదర్లాండ్స్‌లోనే జరిగి 2007లో అచ్చయిన ఇంకో పరీక్షని ఆయన రోగులకి వివరిస్తారు. తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, కొందరిని ఆగమన్నారు. చేయించుకున్నవాళ్లకి నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం కోలుకున్నారు. ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆగలేక ఆపరేషన్‌కి వెళ్లారు. "అంటే నేను అమ్మేది సమయం. అది కొనాలా వద్దా అన్నది వాళ్ల నొప్పి, వాళ్ల పని, వాళ్ల జేబు చెప్పాలి" అన్నారు.

మందుల గురించి అడిగితే ఆయన గొంతు మారింది. నొప్పి మాత్రలు కొద్ది రోజులు, కడుపూ కిడ్నీలూ చూసుకుని వాడితే మేలు. మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడతాయి. నరాల మాత్రగా అందరికీ రాసే ప్రీగాబలిన్ సయాటికాకి ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరీక్ష తేల్చింది. వెన్నులో వేసే స్టెరాయిడ్ సూది కొందరికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది, అంతకు మించి ఆశించకూడదు.

కిందికి వచ్చేసరికి హమాలీ అద్దం ముందు నిలబడి ఇసుక సంచి ఎత్తుతున్నాడు. నిండా అయిదు కిలోలు ఉండదు. ఇన్నేళ్లుగా టిక్కీలు మోసిన మనిషికి అది అవమానంగా ఉన్నట్టుంది, నవ్వుతున్నాడు. ఆమె నవ్వనివ్వడం లేదు. సంచికి దగ్గరగా నిలబడాలి. మోకాళ్లూ తుంటీ వంచాలి, నడుము మడవకూడదు. బరువు పొట్టకి ఆనాలి. చేతులు చాపి పట్టుకున్న పది కిలోలు నడుము దగ్గర అంతకు ఎన్నో రెట్లై కూర్చుంటాయి. పక్కకి పెట్టాలంటే నడుము తిప్పకూడదు, పాదాలు తిప్పాలి. నిద్ర లేచిన గంటలో వంగి ఏదీ ఎత్తకూడదు, రాత్రంతా నీరు పట్టిన డిస్క్ అప్పుడు బిగుసుకుని ఉంటుంది.

"ఇక బస్తాలు మానెయ్యండి" అని ఆమె ఎవరికీ చెప్పదు. నేను అదే అడిగాను. "మానేసి ఏం తింటారు? వంగొద్దు, ఎత్తొద్దు అని చీటీ రాయడం తేలిక. ఇక్కణ్ణించి వెళ్లినవాళ్లు ఎటూ ఎత్తుతారు. ఎత్తగలిగేట్టు చేసి పంపడం నా పని." ఆయనకు లెక్క కూడా తేదీల్లో చెప్పలేదు. బొటనవేలి బలం తిరిగి రావాలి, కాలు ఎత్తినా నొప్పి దిగకూడదు, అరగంట ఆగకుండా నడవాలి. అప్పుడు పది కిలోల సంచి, తర్వాత ఇరవై, ఆ తర్వాత టిక్కీ.

ఆయనతోపాటే యార్డుకి వెళ్లాను. గేటు దాటగానే కళ్లు మండాయి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఎర్రటి రాసులు, కాటాల దగ్గర కేకలు, కొక్కేలతో టిక్కీలు లాగుతున్న మనుషులు. ఇద్దరు చెరో వైపు పట్టి లేపితే మూడోవాడు వంగి వీపు అందిస్తాడు. బస్తా పడగానే ఒక్క క్షణం మోకాళ్లు సర్దుకుని పరుగులాంటి నడక. లారీ చెక్క మీద ఎక్కి, వంగి, పక్కకి తిరిగి దించడం. ఫిజియో వద్దన్న మూడు పనులూ ఒక్కో బస్తాకి ఒకసారి జరుగుతున్నాయి. కూలి బస్తాల లెక్కన, కాబట్టి ఆగినవాడికి డబ్బులు ఆగుతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక మగ కార్మికుడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు మించకూడదని సిఫారసు చేసింది. టిక్కీ ఆ గీత లోపలే ఉంది. కానీ ఆ గీత ఒక బస్తాకి గీసింది, రోజంతా మోసిన బస్తాలన్నీ కలిపి చూసేది కాదు.

హమాలీలు ముఠాలుగా పనిచేస్తారు, వచ్చిన కూలి ముఠా పంచుకుంటుంది. ఆయన మేస్త్రి కాటా దగ్గర ఉన్నాడు. డాక్టరు చీటీ చూపిస్తే చదివించుకుని, "సరే, సీజనయ్యే దాకా కాటా కాడ ఉండు, గోనెలు కుట్టు" అన్నాడు. వాటా? "వాటా ఏడకి పోద్ది? ఇయ్యాల నీకు, రేపు నాకు" అన్నాడు. ఏటా ఒకరిద్దరు ఇలా వస్తారట, ఇలాగే సర్దుకుంటారట.

ఫిజియో గదిలో నేర్పిన పద్ధతీ, ఆపరేషన్ డాక్టరు చెప్పిన పన్నెండు వారాలూ రెండూ ఫలించాలంటే మధ్యలో ఈ మేస్త్రి ఉండాలి. పత్తి కూలికి వెళ్లే పిన్నికి అలాంటి ముఠా లేదు. ల్యాప్‌టాప్ కుర్రాడికి సెలవుంది, ఆవిడకి లేదు. శరీరం తన పని తాను చేసుకోవడానికి అడిగేది కొన్ని వారాల తేలిక పని, నడక. అది ఒక మేస్త్రి మంచితనం మీద ఆధారపడినంత కాలం పై అంతస్తులో కత్తికి పని తగ్గదు. యార్డులో లారీ ఎత్తుకి సరిపడే దిమ్మెలు, చక్రాల బళ్లు, చీటీ తెచ్చుకున్నవాడికి తేలిక పని అనే ఒక నియమం పెట్టడం వైద్యుల చేతుల్లో లేదు, మార్కెట్ కమిటీ చేతుల్లో ఉంది. నడుము వైద్యంలో మిగిలిపోయిన సగం అక్కడ జరగాలి.